ముంగిటి ధర్మము

వరినాట్ల కాలమున గోదావరి, కృష్ణా మండలముల పొలముగట్లపై నడచినవారికి ఏ తుమ్మకొమ్మకో, ఏ వేపకొమ్మకో పాతచీరతో కట్టిన ఉయ్యెల యొకటి కన్పట్టక మానదు. అందు నెలల బిడ్డ నిద్రించుచుండును. ఆ ఉయ్యెలత్రాటిని పట్టుకొని ఏడెనిమిదేండ్ల బాలిక యొకతె గట్టుమీద కూర్చుండి యుండును. అల్లంత దూరమున మోకాలిలోతు బురదలో వంగిన కూలిస్త్రీల వరుసలో ఆ యిద్దరిని కన్నతల్లి యుండును. ఈ దృశ్యమును కవులు వర్ణించిరి, చిత్రకారులు చిత్రించిరి. త్రోవను పోవుచు చూచిన మనమును ముచ్చటపడితిమి. బిడ్డ చెట్టునీడ నున్నాడు గదా యనియు, తల్లి కంటిచూపు మేరలోనే యున్నది గదా యనియు తృప్తిపడితిమి. అయితే ఆ బాలిక ఎచట నుండవలసినదో ఎవ్వరమును అడుగలేదు. పలక పట్టవలసిన చేత ఉయ్యెలత్రాడు పట్టుకొని, తన బాల్యమును తమ్ముని బాల్యమునకు అప్పుగా ఇచ్చుచున్న ఆ పసిదాని మాట మన ముచ్చటలోనికి రానే లేదు.

పసిపిల్లలకు ప్రభుత్వము శిశుగృహములు నడుపవలెననియు, మూడేండ్లు నిండినవారికి దినమంతయు సాగు బాలబడులు ఉండవలెననియు ఎవరైన ప్రతిపాదించినపుడు సాధారణముగా వచ్చు ఆక్షేపణ యొకటి కలదు: తల్లి చేయవలసిన పనిని లోకము చేయవచ్చునా? బిడ్డను పరుల చేతిలో పెట్టుట ధర్మమా? ఈ ప్రశ్న పైకి ఖర్చువెచ్చములకును పరిపాలనకును సంబంధించినదిగా తోచును గాని, లోతునకు పోయినచో శిశువు ఎవ్వరి సొత్తు అను అత్యంతపురాతనమైన ధర్మవిచారమే ఇందు మిగులును. తల్లిదండ్రుల సొత్తా? వంశము సొత్తా? రాజ్యము సొత్తా? ఈ మూడింటిలో దేనికి ఔనన్నను ఏదో యొక అన్యాయమునకు తలుపు తెరచినట్లే యగునని చరిత్ర మనకు తెలుపుచున్నది.

రాజ్యము సొత్తని తుదిదాక తర్కించినవాడు యవనతత్త్వవేత్త ప్లేటో. ‘రిపబ్లిక్’ అయిదవ భాగమున అతడు, రాజ్యరక్షకుల సంతానమును పుట్టినవెంటనే ఉమ్మడి శిశుగృహములకు చేర్పవలెననియు, పాలిచ్చు వేళకు తల్లులను అచటికి తోడ్కొని రావచ్చును గాని ఏ తల్లియు తన బిడ్డను గుర్తింపకుండునట్లు సర్వోపాయములను పన్నవలెననియు విధించెను. నాది, నీది అను భేదమే పురమును చీల్చునదనియు, అందరును ఒకే వస్తువును చూచి నాది యనగలిగిననాడే పురము ఏకశరీరమగుననియు అతని తలంపు. ఈ తలంపును అతని శిష్యుడైన అరిస్టాటిలే ‘పాలిటిక్స్’ రెండవ భాగమున ఖండించెను. కొంచెము తియ్యని ద్రాక్షారసమును కడవెడు నీటిలో కలిపినపుడు రుచి యెట్లు తెలియకపోవునో, అందరికి బిడ్డయైన వానిపై ఎవ్వరి ప్రేమయు అట్లే పలుచబడి నశించుననియు, మనుష్యుడు ఆదరించునది తనది యనుకొన్నదానిని, తనకు ప్రియమైనదానిని మాత్రమే యనియు అతని వాదము. ఇరువదిమూడు శతాబ్దములు గడచినను ఈ వివాదము ముగియలేదు. శిశుగృహమును గూర్చి నేడు మన యిండ్లలో జరుగు వాదములెల్ల ఈ గురుశిష్యుల వాదమునకు ప్రతిధ్వనులే.

అయితే మన పురాణములలో వేరొక కథ యున్నది. రెల్లుపొదలలో పుట్టిన కుమారస్వామిని చూచి ఆరుగురు కృత్తికలు పాలిచ్చుటకై ఒక్కసారి ముందుకు వచ్చినారట. ఒక్కరి స్తన్యము గ్రోలి మిగిలిన అయిదుగురిని నిరాశపరచుట ఇష్టములేని ఆ శిశువు ఆరు ముఖములు దాల్చి ఆరుగురి పాలును ఒక్కసారిగా త్రాగెను. అందువలన అతడు షణ్ముఖు డయ్యెను. అందువలననే అతనికి షాణ్మాతురుడను పేరును వచ్చెను. ఆరుగురు తల్లుల కొడు కని ఆ పేరునకు అర్థము. ఈ కథను అరిస్టాటిలు వాదమునకు ఎదుట నిలిపి చూచినచో ఒక సూక్ష్మము బోధపడును. అరిస్టాటిలు తల్లులను లెక్కించెను. పురాణకర్త ముఖములను లెక్కించెను. ప్రతి తల్లికిని ఎదుట ఒక ముఖ ముండుటచేత ఆరుగురిలో ఏ యొక్కరి వాత్సల్యమును పలుచబడలేదు. ప్లేటో చేసిన పొరపాటు బిడ్డకు పెక్కుమంది తల్లులను ఇచ్చుట గాదు. తల్లికి బిడ్డ ముఖమును దాచుట. ప్రేమ పాత్రలు మారుటవలన పలుచబడదు, ముఖము మరచుటవలన పలుచబడును. శిశుగృహమును గూర్చిన ధర్మవిచారమున కంతకును ఈ భేదమే గీటురా యని నా మతము.

మన పూర్వులు బిడ్డను కన్నతల్లి యొక్కతెయే పెంచవలెనని ఎన్నడును అనలేదు. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, మేనత్త, ఇరుగుపొరుగువారు కలిసి పెంచిన బిడ్డలమే మనమందరమును. దేవకి కన్న కృష్ణుని యశోద పెంచెను. కుంతి విడిచిన కర్ణుని రాధ పెంచెను. మేనక విడిచిన శకుంతలను మొదట పక్షులును, పిదప కణ్వుడును పెంచినారు. సంస్కృతమున ‘ధాత్రి’ యన దాది యనియు, భూమి యనియు రెండర్థములు కలవు. అనగా బిడ్డను ఎత్తుకొన్న పరస్త్రీకి మన భాష భూదేవితో సమానమైన పేరు పెట్టినది. చరకసంహిత శారీరస్థానమున ధాత్రి నెన్నుకొను విధమును, శిశువు కొఱకు ప్రత్యేకముగా కట్టవలసిన కుమారాగారమును, అందుంచవలసిన ఆటవస్తువుల లక్షణములును వర్ణింపబడినవి. ఆటవస్తువులు చిత్రవిచిత్రములై, చప్పుడు చేయునవై, చూడముచ్చటైనవై యుండవలెనట; బరువైనవిగాని, మొనదేలినవిగాని, నోటిలో దూరునవిగాని, ప్రాణాపాయము కలిగించునవిగాని, భయపెట్టునవిగాని కారాదట. అంతటితో ఆగక, బిడ్డ ఏడ్చినపుడును, అన్నము తిననని మారాము చేసినపుడును రాక్షసుల పేరో, పిశాచముల పేరో చెప్పి జడిపింపరాదని కూడ ఆ గ్రంథము శాసించుచున్నది. ‘అదిగో బూచాడు’ అనక ముద్ద మింగింపలేని మన యిండ్లకు ఈ మాట నేటికిని క్రొత్తదే! బిడ్డను ఇతరులు చూచుకొనుట తప్పని ఈ వైద్యాచార్యునకు తోచలేదు. చూచుకొనువారికి ఆ విద్య తెలియకుండుటయే తప్పని తోచినది.

కాళిదాసు శాకుంతలములో ఈ విచారమునకు పనికివచ్చు సన్నివేశములు రెండు కలవు. అయిదవ యంకమున, తన్ను గుర్తింపని దుష్యంతుని యెదుట గర్భవతియైన శకుంతల నిలిచినపుడు ఆ రాజు స్త్రీజాతి నంతటిని ఎత్తిపొడుచుచు, ఆడుకోకిలలు తమ పిల్లలను పరపక్షులచేత పెంచుకొనును గదా యని పలుకును. కోకిలకు పరభృతమను పేరు అందువలననే వచ్చినది. ఇక ఏడవ యంకము: మారీచుని ఆశ్రమమున ఒక బాలుడు సింహపుపిల్ల నోరు తెరచి పండ్లు లెక్కింప బోవుచుండును; ఇద్దరు తాపసులు వానిని వారింపలేక, రంగులు పూసిన మట్టినెమలిని తెచ్చి మరపింప చూచుచుందురు; తల్లి ఆశ్రమములోనే వేరొకచోట నియమవ్రతములతో నుండును. ఆ బాలుడే దుష్యంతుని కుమారుడు, తరువాత భరతుడని పేరొందిన సర్వదమనుడు. అనగా, కోకిలవలె పరులచేత పెంచుకొందువని తల్లిని నిందించిన ఆ తండ్రి బిడ్డను నిజముగా పరులే పెంచినారు. పెంచవలసివచ్చినది తండ్రి మరచిపోవుటవలన. నింద మోసినది మాత్రము తల్లి. ఈ అన్యాయము ఆ నాటకముతో ముగియలేదు. పనికి పోయిన తల్లిని ‘బిడ్డను గాలికి వదలినది’ అనువారిలో, ఆ బిడ్డకు తండ్రి యొకడున్నాడనియు, అతడును ఉదయముననే యిల్లు విడిచి పోయినాడనియు తలచువారు ఎందరు?

లోకము తీరు మన సామెతలోని అమ్మ తీరు: పెట్టా పెట్టదు, అడుక్కుతినా నివ్వదు. కూలి చాలక భార్యాభర్త లిద్దరును పనికి పోక తప్పని వ్యవస్థను తానే కల్పించును; ఉమ్మడికుటుంబమును విడగొట్టి, అత్తను ఊరిలో నుంచి కోడలిని పట్టణమునకు పంపును; ఆ పిమ్మట బిడ్డకై యొక నీడ నిమ్మనగా మాతృధర్మమును గూర్చి ఉపన్యసించును. సార్వజనిక శిశుగృహము వచ్చినచో బిడ్డ తల్లియొడి నుండి వేరగు నని బెంగపెట్టుకొనువారు మరియొక సత్యమును గమనింపరు. పేదయింట ఆ శిశుగృహము తీసికొనునది తల్లి స్థానమును గాదు. తల్లి ఉదయముననే పొలములో నున్నది. అది తీసికొనునది గట్టుమీది అక్క స్థానమును. ఒక బిడ్డకు బాల్యము నిచ్చుటకై ఇంకొక బిడ్డ బాల్యమును కోసి పెట్టు ఆచారము ఎంత పాతదైనను ధర్మము కానేరదు.

ప్లేటోను మనము ‘రిపబ్లిక్’ కడనే వదలివేసితిమి గాని, అతడు వృద్ధుడై వ్రాసిన ‘లాస్’ అను గ్రంథమును చదివినచో, కాలము ఆ తత్త్వవేత్తను ఎంత మెత్తబరచినదో తెలియగలదు. అం దతడు తల్లినుండి బిడ్డను లాగికొనలేదు. మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల పిల్లలందరును తమ తమ గ్రామదేవాలయముల కడ చేరవలెననియు, దాదులు వారి నడతను కనిపెట్టియుండవలెననియు, ఆ దాదులపై పండ్రెండుమంది స్త్రీలను పర్యవేక్షకులుగా నియమింపవలెననియు చెప్పెను. ఆ యీడున ఆటలు పిల్లలకు సహజములనియు, నలుగురు కూడినచో వానిని వారే కల్పించుకొందు రనియు కూడ అతడు వ్రాసెను. ఊరి పిల్లలకు చోటు చూపవలసివచ్చినపుడు ఆ వృద్ధునకు కోటయు తోచలేదు, కచేరియు తోచలేదు, గుడిముంగిలి తోచినది. గుడి ఎవ్వరి సొత్తును గాదు, అందరిదియు నగును. అచటికి తల్లి పిల్లవాని చేయి పట్టుకొని రాగలదు, మరల చేయి పట్టుకొని తీసికొనిపోగలదు.

ఆశ్చర్యమేమన, ఆధునికకాలమున బాలబడికి జన్మనిచ్చినవాడును మతచింతన యందే దాని మూలమును వెదకెను. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1782లో జర్మనీ దేశపు తురింగియా సీమలో ఒక పాదిరి యింట పుట్టెను. తొమ్మిది నెలల పసివాడై యుండగనే తల్లిని కోల్పోయెను. తల్లి లేని ఆ బిడ్డయే పెరిగి పెద్దవాడై, 1840లో తన పాఠశాలకు కిండర్‌గార్టెన్, అనగా శిశువుల ఉద్యానమని పేరు పెట్టెను. సకలభూతములయందును ఒకే దైవసూత్ర మున్నదనియు, శిశువు ఆటలో ఆ సూత్రమునే తెలియకయే అనుసరించుననియు అతని విశ్వాసము. అతడు పిల్లల చేతికిచ్చిన బంతియు, గోళమును, స్తంభమును, ఘనమును ఆ విశ్వాసమునకు చిహ్నములు. అట్టివాని బడులను ప్రష్యా ప్రభుత్వము 1851లో నిషేధించెను. కారణము నాస్తికత్వము, సామ్యవాదము నట! ఫ్రోబెల్ అన్నకొడుకైన కార్ల్ వ్రాసిన వ్రాతలను ఇతనికి అంటగట్టి చేసిన నిషేధ మది. మరుసటి యేడే అతడు మరణించెను. 1860లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆటను దైవమని నమ్మినవానిని దైవద్రోహి యని శిక్షించిన ఆ ప్రభుత్వమునకు మన బ్రహ్మసూత్రములు తెలియవు గాని, తెలిసియున్నచో సిగ్గుపడెడిది. సర్వసంపూర్ణుడైన ఈశ్వరుడు ఏ ప్రయోజనము కోరి సృష్టి చేసెనను ప్రశ్నకు అందు బాదరాయణుడు చెప్పిన సమాధానము లీల యను ఒక్క మాట. ప్రయోజనము కోరని కర్మ పరబ్రహ్మమునకు చెల్లినది, మూడేండ్ల బిడ్డకు చెల్లినది. నడుమ నున్న మనకే చెల్లలేదు.

అందుచేతనే దినమంతయు సాగు బాలబడి యనగానే, ఆ దినమును దేనితో నింపుదు రను శంక కలుగుచున్నది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ యను సామెతను మనము పదేపదే వల్లించితిమి. ఆ సామెతలో మొక్క యున్నది గాని తోటమాలి లేడు. తోటమాలి యెవ్వడును మొక్కను వంచుటకై పెంచడు. అయిదేండ్ల ప్రాయమున బియ్యపుపళ్ళెములో ఓనమాలు దిద్దించి, బాసర సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసము చేయించి, ఆ శుభకార్యము జరుగువరకు బిడ్డను అక్షరము అడుగని సంప్రదాయము మనది. నేడు మూడేండ్లు నిండకముందే కాన్వెంటు బండి యెక్కించి, మెడకు టై చుట్టి, ఇంటిపని యిచ్చి పంపుచున్నాము. పూటంతయు అక్షరములతో హింసించు బడిని దినమంతటికి పొడిగించుట శిశుసేవ కానేరదు. దినము పొడవు పెరిగినకొలది అందులో అన్నము, నిద్ర, ఇసుక, నీరు, పాట, ఏమియు చేయక కూర్చుండు తీరిక పెరుగవలెను.

చరిత్రలో ఈ సంస్థలు రెండు పాయలుగా ప్రవహించినవి. కలిగినవారి పిల్లలకు కొద్ది గంటల ఉద్యానము. పనివారి పిల్లలకు దినమంతయు కాపలాయిల్లు. ఒకటి బుద్ధి కొఱకు, రెండవది దిక్కులేనితనము కొఱకు. ఒంటిపూట బడి ఇంటివద్ద ఇంకొక రున్నారన్న ఊహపై నిలిచినది. ఆ ఊహ పేదయింట చెల్లదు. ఈ రెండు పాయలను కలిపిన ఘనత మరియా మాంటిస్సోరిది. 1907 జనవరి 6న రోమునగరములోని సాన్ లొరెంజో అను పేదల పేటలో ఆమె మొదటి శిశుగృహము తెరువబడెను. తల్లిదండ్రులు పనికి పోగా, దినమంతయు దిక్కులేక తిరుగు పసివారు గోడలు పాడుచేయుచుండి రని భవనయజమానులు ఒక గది నిచ్చినారు. వారు గోడలను కాపాడుకొన దలచిరి. ఆమె పిల్లలను కాపాడెను. మాతృధర్మము సమాజమున కంతకును ఉమ్మడి యగుచున్న దని ఆమె ఆ కాలమున చెప్పినది. అయినను ఆ బడి ఆ పిల్లల యిండ్లున్న భవనములోనే యుండుటచేత తల్లి ఏ క్షణముననైన లోనికి వచ్చి చూడగల దనియు, అది వారందరి యుమ్మడి సొత్తనియు కూడ చెప్పినది. 1939లో ఆమె మదరాసు అడయారు దివ్యజ్ఞానసమాజమునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వరకు ఈ దేశముననే నిలిచిపోయి ఎందరో ఉపాధ్యాయులను తీర్చినది.

ఆమె రాకకు ముందే ఆమె గ్రంథములు ఇక్కడికి చేరి, న్యాయవాదవృత్తి నవలంబించియున్న గిజుభాయి బధేకాను మార్చివేసినవి. ఆయన 1920లో భావనగరములోని దక్షిణామూర్తి సంస్థయందు బాలమందిరమును నెలకొల్పెను. గుజరాతీలు ఆయనను మీసాల తల్లి యని ముద్దుగా పిలుచుకొనిరి. పురుషునకు ఇంతకుమించిన బిరుదు వేరొకటి యుండునా? మాతృత్వము గర్భమునకు మాత్రమే సంబంధించినది గాదని ఆ పిలుపు ఒక్కటే నిరూపించుచున్నది. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో బొంబాయికి ఉత్తరమున, అప్పటి ఠాణా మండలములోని బోర్డీ గ్రామమునకు పోయి పల్లెపిల్లలకు బాలబడి తెరచెను. అయితే అంటరానివారిగా ఎంచబడినవారి పిల్లలును, గిరిజనుల పిల్లలును ఆ బడికి రాలేదు. వారు రాలేదని ఆమె నిందింపలేదు. బడినే వారి వాడకు, వారి గుడిసెల ముంగిటికి తీసికొనిపోయెను. అంగన మనగా ముంగిలి. ఆ ముంగిటిబడికి పుట్టిన పేరే అంగన్‌వాడీ. పశువులను కాయు పిల్లలకొఱకు మేతబీడులోనే బడి నడిపినదియు ఆమెయే.

ముంగిలి యను మాటను మనము కొంత నిదానముగా ఆలోచింపవలెను. ముంగిలి ఇల్లు కాదు, వీధియు కాదు. అది ఇంటివారిదే, అయినను త్రోవను పోవువాడు అచట ఆగి మంచినీరు అడుగవచ్చును. తెల్లవారగనే ఇల్లాలు కల్లాపి చల్లి ముగ్గు పెట్టునది తనకొఱకు మాత్రమే గాదు, వీధి కొఱకును. ఇంటిలోపల బిడ్డ తల్లిదండ్రులవాడు, వీధిలో రాజ్యమువాడు, ముంగిట మాత్రము ఇద్దరికిని బాధ్యత కలదు, ఇద్దరిలో ఎవ్వరికిని సర్వాధికారము లేదు. శిశువు ఎవ్వరి సొత్తను ప్రశ్నకు తర్కము ఇవ్వలేని సమాధానమును ఆ పేరు ఇచ్చుచున్నది.

ఆ పేరును స్వీకరించి మన ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి సేవలను 1975 అక్టోబరు 2న, గాంధీజయంతినాడు, 33 బ్లాకులలో ప్రారంభించెను. నేడు దేశమున దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రములు కలవు. ఊరూర ఒక కార్యకర్తయు, ఒక సహాయకురాలును బాలింతలకును, గర్భవతులకును, ఆరేండ్లలోపు పిల్లలకును అన్నము పెట్టుచు, గ్రుడ్డు నిచ్చుచు, తూకము చూచుచు, టీకాలు వేయించుచు, పాటలు పాడించుచు నున్నారు. పేరు గొప్పదే, పనియు గొప్పదే. అయితే వారికి మన మిచ్చునది జీతము గాదు, గౌరవవేతనము. తల్లిపని ప్రేమతో చేయవలసినదనియు, ప్రేమకు వెల కట్టరాదనియు చెప్పి ఆ పనికి వెల తగ్గించుట మన కలవాటు. 2005 నాటి ఉపాధిహామీ చట్టము మాత్రము ఈ విషయమున సరియైన మాట యొకటి పలికినది: పనిచోటికి స్త్రీలతో వచ్చిన ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురో, అంతకు మించియో ఉన్నచో, ఆ స్త్రీలలో ఒకరిని వారి పోషణకు నియమించి ఆమెకును కూలి యియ్యవలెను. మట్టి త్రవ్వుటయు బిడ్డను చూచుటయు ఒకే కూలికి తగిన పనులని ఒప్పుకొన్న ఆ చిన్న నియమములో పెద్ద ధర్మ మున్నది. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకును, సహాయకులకును గ్రాట్యుటీ హక్కు కలదని తీర్పు చెప్పుటయు ఈ త్రోవలోనిదే.

ఇక రాజ్యాంగము మాట. 2002 నాటి 86వ సవరణ ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల బాలలకు విద్యను ప్రాథమికహక్కుగా చేసినది. ఆరేండ్లలోపు శిశువుల పోషణమును, విద్యను మాత్రము 45వ అధికరణమునందలి ఆదేశసూత్రముగా, అనగా రాజ్యము చేయదగిన ప్రయత్నముగా మిగిల్చినది. 2013 నాటి ఆహారభద్రతాచట్టము ఆరునెలలు నిండిన శిశువునకు అంగన్‌వాడీ అన్నమును హక్కుగా ఇచ్చినది. అనగా మన శాసనము పసిబిడ్డ కడుపును గుర్తించినది గాని, ఆ బిడ్డ పగటిని ఇంకను గుర్తింపలేదు. కేంద్రము మూసివేసి కార్యకర్త యింటికి పోవు వేళకు నాట్లలోని తల్లి ఇంకను వరుస ముగింపదు. ఆ మిగిలిన గంటలు ఎవ్వరివి? మరల ఆ అక్కవే.

ప్రతిపక్షమున చెప్పవలసినది లేకపోలేదు; దానిని విస్మరించుట విచారధర్మము గాదు. రాజ్యము బిడ్డను చేరదీయుటలో తన ముద్ర వేయ దలచునన్న భయము సత్యమైనదే. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని గురువులైన చండామార్కుల కప్పగించినది విద్య కొఱకు గాదు, తన నామమే జపించు కొడుకును తయారుచేయుట కొఱకు. అచట తండ్రియు రాజును ఒక్కడే యగుటచేత ఆ బాలునకు ఇల్లును లేదు, బడియు లేదు. గురువులు లేని వేళ తోడిపిల్లలు ఆటకు పిలిచిన ఆ కొద్ది సమయమే అతనికి స్వేచ్ఛ. అట్లే ఇస్రాయేలు కిబ్బుత్సులను గూర్చియు చెప్పవలెను. సమానత్వము కోరిన ఆ ఉమ్మడిపల్లెలలో పెక్కింట పిల్లలు పగటివేళ మాత్రమే గాక రాత్రులును శిశుగృహములలోనే నిద్రించెడివారు. కొన్ని తరములు గడచునప్పటికి తల్లిదండ్రులు బిడ్డల పడకలను తమ యిండ్లకు తెచ్చుకొనిరి. 1990ల నాటికి ఆ ఆచారము నశించినది. పగటిబడులు మాత్రము నిలిచినవి. ఎవ్వరును శాసింపకయే ఆ తల్లులు గీచిన గీత యిది: పగటిని పంచుకొందుము, రాత్రిని ఇయ్యము.

శాకుంతలము నాలుగవ యంకమున కణ్వుడు కూతురిని అత్తవారింటికి పంపి, పరుల సొమ్మును తిరిగి యప్పగించినవానివలె తన మనస్సు తేలికపడిన దనును. మన భాషలో అట్టి సొమ్మును ఇల్లడ యందురు. కూతురు భర్త సొమ్మను భావమును మనము నేడు అంగీకరింపము. అయితే ఆ ఉపమానమును విడువవలసిన పనిలేదు, దాని యజమానిని మార్చిన చాలును. ప్రతి శిశువును ఇల్లడయే. ఆ సొమ్ము తల్లిదండ్రులది గాదు, రాజ్యమునది గాదు. రేపు పెరిగి పెద్దదై ‘నే నెవరిని’ అని తన్ను తాను అడుగబోవు ఆ మనిషిదే ఆ సొమ్ము. దాచినవా రొక్కరైనను ఇద్దరైనను, కొంత యింట కొంత ముంగిట దాచినను దోషము లేదు. దాచిన సొమ్మును కరిగించి తమ ముద్ర పోసికొనుటయే దోషము. ఒక్క కార్యకర్త యెదుట నలుబదిమందిని కూర్చుండబెట్టి దానిని బాలబడి యనుటయు దోషమే. ఏలయన అచట ముఖములు మాసిపోవును. 2013 నాటి జాతీయ విధానము మూడేండ్లు దాటినవారిలో ఇరువదిమందికి ఒకరు, అంతకు చిన్నవారిలో పదిమందికి ఒకరు ఉండవలె నన్నది ఈ ముఖముల లెక్కయే.

సాయంకాలము చీకటి పడు వేళ, బురదకాళ్ళతో తల్లులు గట్టుదిగి వచ్చుచుందురు. ఆ వేళదాక దీపము వెలుగు ముంగిలి యొకటి ఊరిలో ఉన్నచో, అందున్న పసివారు దూరమునుండియే నడకను బట్టి, గొంతును బట్టి ఎవరి తల్లిని వారు ఆనవాలు పట్టి పరుగెత్తుదురు. ‘రిపబ్లిక్’లో ప్లేటో జరుగరాదని శాసించినది ఆ గుర్తుపట్టుటయే. దానిని తప్పక జరిపించు చోటు శిశుగృహ మగును. జరుగనీయనిది ఎంత సౌకర్యముగా నున్నను కాదు. ఆ పిల్లల వెనుక పలకసంచితో నింకొక బాలిక వచ్చుచుండవలెను. పగలంతయు ఆమె ఉయ్యెల యూపక బడిలో నున్ననాడు గదా, ఆ ముంగిలి తన ధర్మమును నెరవేర్చినట్లు.